రెక్కకూ కుడి ఎడమలున్నాయి



ఈ పూట నేను చెప్పబోయేది ఎరువుల సంగతి కాదు, విత్తనాల సంగతీ కాదు. గాలిని తోసుకుంటూ తిరిగే రెక్క సంగతి. దాన్నే విమానాల వాళ్లు ప్రొపెల్లరు అంటారు. "మాకెందుకయ్యా ఈ విమానాల గొడవ?" అని మీరు అనవచ్చు. కాని ఆ రెక్క ఇవాళ మన చేను గట్టుకు వచ్చింది. మందు చల్లే డ్రోనుకు ఉన్నవి అవే రెక్కలు. 2023లో కేంద్ర ప్రభుత్వం 15 వేల మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. నిన్నటిదాకా నాట్లు వేసిన చేతులు ఇవాళ డ్రోను నడుపుతున్నాయి. నాగలి పట్టేవాడికి నాగలి నడక తెలియాలి కదా. అలాగే రెక్కతో పని పెట్టుకున్నవారికి రెక్క నడక తెలిసి ఉండాలి. తెలియకపోతే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను.

హైదరాబాదులో కోఠీ దగ్గర సుల్తాన్ బజారు ఉన్నది. చీరలకు, గాజులకు మన ఆడవాళ్లు వెళ్లే బజారు. దాని పక్కనే గుజరాతీ గల్లీ అని ఒక ఇరుకు సందు. అక్కడ రేడియో సామాను మొదలు చిన్న చిన్న మోటార్ల దాకా అన్నీ దొరుకుతాయి. శిక్షణలో చూపించడానికి మా దగ్గర నాలుగు రెక్కల చిన్న డ్రోను ఒకటి ఉండేది. మందు చల్లేది కాదు, ఎగరడం ఎలాగో చూపేది మాత్రమే. దాని రెక్కలు రెండు విరిగితే కొందామని ఆ గల్లీకి వెళ్లాను. కొట్లో కుర్రవాడు, "సార్, ఏ చేతిది గావాలె? కుడిదా, ఎడమదా?" అని అడిగాడు. రెక్కకు కుడి ఎడమలేమిటి, నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. తెలియదని చెప్పడానికి మనసొప్పలేదు. "రెండూ ఒకే రకానివి ఇవ్వు బాబూ, అన్నీ ఒకేలా ఉంటే మంచిది" అన్నాను. అతను నా ముఖం ఒకసారి చూసి, అడిగినట్టే ఇచ్చాడు.

మర్నాడు ఒక ఊళ్లో మహిళా సంఘం వాళ్ల ముందు డ్రోను ఎగరవేయబోయాను. మూడు మూలలూ పైకి లేచాయి, నాలుగో మూల నేలకు అదిమినట్టయింది. రెప్పపాటులో డ్రోను బోర్లపడింది. ఒక రెక్క విరిగి, దాని ముక్క ముందు వరుసలో నిలబడ్డ ఒక అక్క కొంగును చీల్చుకుంటూ పోయింది. దేవుడి దయవల్ల ఆమెకు ఏమీ కాలేదు. కాని జానెడు పైకి వచ్చి ఉంటే కంటికి తగిలేది. తప్పు డ్రోనుది కాదు, కొట్టువాడిదీ కాదు, నాది. తెలియనిది అడగకపోవడం ఒక తప్పు, జనాన్ని దగ్గరగా నిలబెట్టడం రెండో తప్పు.

ఆ ఊళ్లోనే ఎడమచేతి వాటం గల ఒక అక్క ఉన్నది. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆమె దగ్గరకు వచ్చి, "సారూ, నా కక్కు కొడవలి నేను వేరే చేయించుకుంట. అందరు వాడేది నా చేతిల తెగదు. మరి మీ రెక్కకు గూడ గట్లనే ఉంటదేమో" అన్నది. డిప్లొమా చదివిన నాకు తోచని మాట ఆమెకు తోచింది. నిజంగా అంతే. ఎందుకో ఇప్పుడు మనవి చేస్తాను.

ముందుగా, రెక్క మనల్ని పైకి ఎలా లేపుతుంది? పడవలో తెడ్డు వేసేవాడిని చూడండి. తెడ్డు నీటిని వెనక్కి తోస్తుంది, నీరు తెడ్డును, దానితోపాటు పడవను ముందుకు తోస్తుంది. ఒకదాన్ని మనం తోస్తే అదీ మనల్ని అంతే బలంతో ఎదురు తోస్తుందని న్యూటన్ అనే శాస్త్రజ్ఞుడు 1687లో గ్రంథంలో రాశాడు. డ్రోను రెక్క గాలిని కిందికి తోస్తుంది, కనుక గాలి దాన్ని పైకి తోస్తుంది. సుల్తాన్ బజారు బట్టల కొట్లో తల మీద తిరిగే సీలింగు ఫ్యానూ ఇదే పని చేస్తున్నది. గాలిని మన మీదికి కిందికి తోస్తున్నది కనుక, తిరుగుతున్నంతసేపూ ఆ ఫ్యాను పైకి లేవాలనే చూస్తుంది. దాని బరువు ఎక్కువ, తోపు తక్కువ కాబట్టి కొక్కేనికే వేలాడుతూ ఉంటుంది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే ఫ్యాను వెనక్కి జరగకుండా కాళ్ల దగ్గర రాళ్లు పెడతాం కదా, అదీ ఇందుకే.

రెక్క గాలిని తోయాలంటే వాలుగా ఉండాలి. బల్లపరుపుగా ఉంటే గాలిని కోస్తుందే గాని తోయదు. ఇక్కడే కుడి ఎడమలు వస్తాయి. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే దిక్కున తిరిగే రెక్కకు వాలు ఒక వైపు ఉంటుంది. అప్రదక్షిణంగా తిరిగే రెక్కకు వాలు రెండో వైపు ఉంటుంది. అద్దంలో చూసుకుంటే కుడిచేయి ఎడమచేయిలా కనబడుతుందే, ఆ రెండు రెక్కలూ అలాంటి జోడు. ప్రదక్షిణ రెక్కను అప్రదక్షిణంగా తిరిగే మోటారుకు బిగిస్తే గాలిని కిందికి తోయవలసింది పైకి తోస్తుంది. నా డ్రోనులో నాలుగో మూల నేలకు అదుముకుపోయింది అందుకే.

"అయితే అన్ని మోటార్లూ ఒకే దిక్కున తిరిగేటట్టు పెడితే ఈ బాధే ఉండదు గదా" అంటారు మీరు. నేనూ అదే అనుకున్నాను. దీనికి జవాబు మన బోరు దగ్గరే ఉన్నది.

మోటారు స్విచ్చి వేసిన క్షణంలో మోటారు ఒళ్లు ఒక్క ఉదుటున కదలడం మీరందరూ చూసే ఉంటారు. లోపలి ఇరుసు ఒక దిక్కున తిరగబోతే, బయటి ఒళ్లు ఎదురు దిక్కున తిరగబోతుంది. అందుకే మోటారును దిమ్మెకు బోల్టులతో బిగిస్తాం. బోల్టు వదులైతే ఆ ఉదుటు రోజూ పైపులను మెలిపెడుతుంది. సీలింగు ఫ్యాను గొట్టానికి మేకు వేసి తల వంచి ఉంచడం కూడా ఇందుకే. ఆ మేకు లేకపోతే తిరుగుడు ఎదురు దెబ్బకు మర కొంచెం కొంచెంగా ఊడి ఫ్యాను ఏదో ఒకనాడు మీద పడవచ్చు. ఇది ఎప్పుడూ ఉండే ధర్మం: మనం దేన్ని తిప్పినా అది మనల్ని ఎదురు తిప్పుతుంది.

ఈ తిప్పే బలాన్ని టార్క్ అంటారు. తిరగలి విసిరే తల్లికి ఇది బాగా తెలుసు. పిడిని తిరగలి అంచున పాతుతారు గాని నడిమి మేకు పక్కన పాతరు. అంచున తోస్తే తక్కువ బలంతో తిరుగుతుంది, నడిమిన తోస్తే చేయి నొస్తుంది. తోసే బలం ఎంత, నడిమి నుంచి ఎంత దూరాన తోస్తున్నాం, ఈ రెండూ గుణిస్తే వచ్చేది తిప్పే బలం. రెక్క ఎంత పొడుగుంటే, గాలి దానికి అడ్డుపడే చోటు నడిమికి అంత దూరమవుతుంది, మోటారు మీద అంత ఎదురు తిప్పుడు పడుతుంది.

బోరు మోటారుకు దిమ్మె ఉన్నది, ఫ్యానుకు కప్పు ఉన్నది. గాలిలో ఉన్న డ్రోనుకు పట్టుకోవడానికి ఏమున్నది? అన్ని రెక్కలూ ఒకే దిక్కున తిరిగితే డ్రోను ఒళ్లంతా ఎదురు దిక్కున బొంగరంలా తిరుగుతుంది. కాబట్టి సగం రెక్కలు ప్రదక్షిణంగా, సగం అప్రదక్షిణంగా తిరిగేటట్టు పెడతారు. ఒక జట్టు ఎదురు తిప్పుడును రెండో జట్టు తిప్పుడు కొట్టివేస్తుంది. డ్రోను ముఖం కుడికో ఎడమకో తిప్పాలంటే కూడా ఇదే ఉపాయం. ఒక జట్టు రెక్కల వేగం కొంచెం పెంచి, రెండో జట్టుది కొంచెం తగ్గిస్తే చాలు, ముఖం తిరుగుతుంది. దానికి వేరే చుక్కాని అక్కరలేదు. హెలికాప్టరు తోక దగ్గర చిన్న రెక్క ఉంటుంది చూడండి, అది కూడా పైనున్న పెద్ద రెక్క ఎదురు తిప్పుడును పట్టి నిలపడానికే.

ఈ కిటుకు కొత్తది కాదు. అమెరికాలో సైకిళ్లు బాగుచేసుకునే రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న మొదటి విమానం ఎగరవేశారు. మొదటిసారి అది గాలిలో నిలిచింది 12 సెకనులు, పోయిన దూరం 120 అడుగులు. దానికి రెండు రెక్కల చక్రాలు, ఒక్కొక్కటి ఎనిమిదిన్నర అడుగుల పొడవు, కొయ్యతో చెక్కినవి. ఇంజను మాత్రం ఒక్కటే. ఒక్క ఇంజనుతో రెండింటినీ ఎదురెదురు దిక్కుల్లో తిప్పడం ఎలా? సైకిలు గొలుసు వంటి గొలుసులు రెండు వేశారు. ఒక గొలుసును తిన్నగా వేశారు, రెండోదాన్ని ఎనిమిది అంకెలాగా అడ్డంగా మెలివేశారు. మన పిండిమరలో, ధాన్యం మిల్లులో ఎదురు తిప్పాలంటే బెల్టును అడ్డంగా మెలివేస్తాం కదా, అచ్చంగా అదే. మన మిల్లు మేస్త్రీ చేసే పనినే వారు ఆకాశానికి ఎక్కించారు.

ఆ సోదరులు కనిపెట్టిన మరో గొప్ప సంగతి ఉన్నది. రెక్క అంటే మర మేకు వంటిది కాదు, అది తిరిగే విమానపు రెక్కే అని వారు గ్రహించారు. అందుకని దాన్ని మెలితిప్పి చెక్కారు. మీరు ఏ డ్రోను రెక్కనైనా చేతిలోకి తీసుకుని చూడండి, నడిమి దగ్గర వాలు నిటారుగా, చివర దగ్గర పడుకున్నట్టుగా ఉంటుంది. ఎందుకని? కళ్లంలో బంతి కట్టి పశువులతో తొక్కించిన పెద్దలకు ఇది వెంటనే బోధపడుతుంది. గుంజ దగ్గరి ఎద్దు నింపాదిగా అడుగులు వేస్తుంది, చివరి ఎద్దు పరుగెత్తవలసి వస్తుంది. చుట్టు పూర్తయ్యేది ఇద్దరికీ ఒకేసారి, నడిచే దూరం మాత్రం వేరు. రెక్కలో కూడా చివరి భాగం పరుగెత్తుతుంది కనుక దానికి తక్కువ వాలు చాలు. నింపాదిగా నడిచే నడిమి భాగానికి ఎక్కువ వాలు కావాలి.

చివర ఎంత వేగంగా పరుగెత్తుతుందో లెక్క వేద్దాం. ఆరు రెక్కల మందు డ్రోను, మందుతో కలిపి 24 కిలోల బరువు ఉన్నదనుకోండి. ఒక్కొక్క రెక్క 4 కిలోలు మోయాలి. ఆ రెక్క 22 అంగుళాల పొడవు, నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, దాని చివర గంటకు 300 కిలోమీటర్ల పైన పరుగెత్తుతుంది. ఏ రైలూ మన దేశంలో ఆ వేగంతో పోవడం లేదు. తిరిగేటప్పుడు అది పలుచని పొగలాగా కనబడుతుంది, అక్కడ ఏమీ లేదన్నట్టు ఉంటుంది. ఉన్నది సోదరులారా, కొడవలి ఉన్నది.

ఇంకొక లెక్క. రెక్క చివర ఒక వైపు 2 గ్రాముల మట్టి అంటుకున్నది. 2 గ్రాములంటే చిటికెడు. పైన చెప్పిన వేగంలో ఆ చిటికెడు మట్టి ఇరుసును పక్కకు లాగే బలం సుమారు అయిదున్నర కిలోల బరువంత. అదీ సెకనుకు 50 సార్లు చుట్టూ తిరుగుతూ లాగుతుంది. వేగం రెండింతలైతే ఈ లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. వడిసెల తిప్పిన వారికి ఈ లాగుడు చేతికే తెలుసు. చివర పెచ్చు ఊడిన రెక్కకు ఇదే గతి, బరువు రెండు వైపులా సమంగా ఉండదు. డ్రోను వణుకుతుంది, మరలు వదులవుతాయి, చివరకు రెక్కే ఊడివస్తుంది. "కొంచెమే విరిగింది, జిగురు పెట్టి అతికిద్దాం" అనేవారు ఈ లెక్కను జ్ఞాపకం ఉంచుకోవలసింది.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. వేడికి గాలి పలుచబడుతుంది. 25 డిగ్రీల వద్ద ఉన్న గాలి 42 డిగ్రీలకు వేడెక్కితే నూటికి సుమారు 5 పాళ్లు పలుచనవుతుంది. పలుచని గాలిని తోస్తే ఎదురు తోపూ పలుచనే. పొద్దున చల్లపూట నిండు తొట్టితో హాయిగా లేచిన డ్రోను మధ్యాహ్నం అదే బరువుకు ఎక్కువ వేగంతో రెక్కలు తిప్పవలసి వస్తుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కనుక మందు చల్లడం చల్లపూటే మేలు. ఎండలో చల్లితే మందు బొట్లు ఆకు మీద పడకముందే ఆరిపోయే నష్టం కూడా ఉన్నది.

రెక్కలు కిందికి తోసే గాలి మనకు లాభమూ చేస్తుంది, నష్టమూ చేస్తుంది. సరైన ఎత్తులో ఉంటే ఆ గాలి ఆకులను కదిలించి మందు లోపలికి దిగేలా చేస్తుంది. మరీ కిందికి దిగితే పైరు వాలిపోతుంది, మందు నేల తాకి చెదిరిపోతుంది. మరీ పైన ఉంటే గాలివాటుకు మందు పక్కవాడి చేనులో పడుతుంది. మీరు వాడే డ్రోనుకు, మీ పైరుకు ఎంత ఎత్తు తగునో శిక్షణలో చెప్పినట్టే నడుచుకోండి. గాలి బలంగా వీచే రోజున ఆ పని మానండి.

ఇంతకూ చెప్పవచ్చేదేమంటే, ఈ క్రింది జాగ్రత్తలు మరువవద్దు.

ఒకటి. రెక్క కొనేటప్పుడు, బిగించేటప్పుడు ఏ చేతిదో చూడండి. రెక్క మీద గుర్తు ఉంటుంది, మోటారు కాడ మీదా ఉంటుంది. రెండూ కలవాలి. అక్షరాలున్న వైపు పైకి ఉండాలి. మందు డ్రోనుకు ఆ కంపెనీ చెప్పిన రెక్కలే వేయండి, బజారులో దొరికిన కొలత దగ్గరిది వేయకండి.

రెండు. పెచ్చు ఊడినా, పగులు కనిపించినా ఆ రెక్క తీసివేయండి. అతికించవద్దు. ప్రతిసారీ ఎగరవేసే ముందు మట్టి, ఎండిన మందు తడిబట్టతో తుడవండి.

మూడు. రెక్కల మీద చెయ్యి వేసే ముందు బ్యాటరీ విప్పండి. రెక్కలు ఆగినట్టు కనబడటం చాలదు, బ్యాటరీ విప్పి ఉండాలి.

నాలుగు. రెక్క పై నుంచి, పక్కల నుంచి గాలిని లాక్కుంటుంది. పైట కొంగు, జడ, తలపాగా, భుజం మీద తువాలు ఏదైనా ఆ లాగుడులో చిక్కవచ్చు. నడిపేవారు కొంగు బిగించి దోపుకోవాలి. చూడవచ్చినవారిని, ముఖ్యంగా పిల్లలను, దూరంగా నిలబెట్టాలి. నేను ఆనాటి నుంచి తాడు కట్టి ముప్పై అడుగుల లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. మందు చల్లేటప్పుడు ఇంకా దూరం కావాలి.

అయిదు. 2021లో వచ్చిన డ్రోను నిబంధనల ప్రకారం మందు డ్రోను నడపడానికి శిక్షణ పొంది, పైలటు సర్టిఫికెట్టు తీసుకోవాలి. సర్టిఫికెట్టు లేనివారి చేతికి సరదాకైనా ఇవ్వవద్దు.

డ్రోను లేనివారికి కూడా ఈ ప్రసంగంలో ఒక పని ఉన్నది. కరెంటు ఫేజులు మారినప్పుడు బోరు మోటారు ఎదురు తిరుగుతుంది, నీళ్లు సన్నగా వస్తాయి. బోరు ఎండిందని కంగారుపడి మోటారు పైకి లాగించే ఖర్చు పెట్టుకోకండి. ముందు మెకానిక్కును పిలిచి, తిరుగుడు సరైన దిక్కున ఉన్నదో లేదో చూపించుకోండి. లోపలి రెక్కలకు కూడా కుడి ఎడమలున్నాయి.

ఆ తరువాత నేను మళ్లీ సుల్తాన్ బజారుకు వెళ్లాను. ఆ కుర్రవాణ్ణి వెతుక్కుంటూ పోయి, "బాబూ, ఆనాడు నాకు తెలియక అలా అన్నాను. కుడివి రెండు, ఎడమవి రెండు ఇవ్వు. ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పు" అన్నాను. అతను నవ్వి, రెక్కను కొట్లో తిరుగుతున్న ఫ్యాను కింద పట్టుకుని వాలు చూపించి చెప్పాడు. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు మొదటిసారే అడిగి ఉంటే ఒక అక్క కొంగు చిరిగేది కాదు.

ఆమె చీర కొని ఇద్దామని నేను పోతే తీసుకోలేదు. "చీర ఎందుకు సారూ, మాకు ఆ రెక్కల ముచ్చట మంచిగ నేర్పు" అన్నది. ఆమె ఇప్పుడు సంఘంలో డ్రోను బయటికి తీసే ముందు ఒక్కొక్క రెక్కనూ వేలితో తడిమి చూస్తుంది. తన కక్కు కొడవలి పళ్లను చూసుకున్నట్టే చూస్తుంది. మీరందరూ అలాగే చూడాలని కోరుతున్నాను.